ఆకుకూరలు, దుంపకూరలు: వంద గ్రాముల లెక్కకు అందనివి

ఆకుకూరలు మేలా, దుంపకూరలు మేలా అన్న ప్రశ్న రైతు శిక్షణ తరగతులలోను, అంగన్‌వాడీ ఉపాధ్యాయినుల సమావేశాలలోను తరచుగా ఎదురవుతూ ఉంటుంది. దానికి మనం ఇచ్చే జవాబు కూడా ఏళ్ళ తరబడి ఒకే తీరుగా ఉంటున్నది. పోషక విలువల పట్టిక తెరచి, వంద గ్రాముల తోటకూరలో ఇంత, వంద గ్రాముల క్యారెట్‌లో ఇంత అని చదివి, ఆకుకూరలకు పెద్దపీట వేసి, దుంపలను మితంగా వాడవలెనని ఒక మాట చేర్చి ముగిస్తున్నాము. విన్నవారు తల ఊపి వెళ్ళిపోతారు. ఆ తరువాత వారి పొలంలో గాని, వంటింట్లో గాని ఏ మార్పూ రాదు.

అందుకు కారణం శ్రోతల నిర్లక్ష్యం అని నేను అనుకోను. ఆ పోలికలో రెండు అంకెలు లోపించాయి. ఒకటి, ఆ కూర నేలను ఆక్రమించిన రోజుల సంఖ్య. రెండు, అది కోసిన మడికీ వండిన పొయ్యికీ మధ్య గల దూరం. ఈ రెండింటినీ చేర్చి, పోలికను కాగితం మీద నుంచి తీసి బహదూర్‌పల్లి మొదలుకొని దుండిగల్, మేడ్చల్, శామీర్‌పేటల వరకు ఉన్న నేల మీద నిలబెట్టి చూస్తే, నాకు తోచిన నిర్ణయం ఇది: నగరానికి ఉత్తరాన ఇంకా మిగిలి ఉన్న నీటి వసతి గల భూమిలో ఆకుకూరలకు మొదటి హక్కు దక్కాలి, దుంపలు దూరం నుంచి రావచ్చు.

ముందుగా పట్టిక ఏమి చెబుతున్నదో చూద్దాము. ముల్లంగిని మించిన ఉదాహరణ అక్కరలేదు. ఒకే విత్తనం, ఒకే నేల, ఒకే నీరు. జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల ముల్లంగి గడ్డలో కాల్షియం 35 మిల్లీగ్రాములు. అదే మొక్క ఆకులో 265. విటమిన్ సి గడ్డలో 15 మిల్లీగ్రాములు, ఆకులో 81. కెరోటిన్ గడ్డలో దాదాపు శూన్యం, ఆకులో 5,295 మైక్రోగ్రాములు. ఈ తేడా ముల్లంగికే ప్రత్యేకం కాదు. ఆకు మొక్కకు కార్ఖానా, దుంప గిడ్డంగి. ఆకులోని ఇనుములో అధిక భాగం పత్రహరితం ఉండే రేణువులలోనే ఉంటుంది. ఎండ తీవ్రత నుంచి ఆ పత్రహరితాన్ని కాపాడడానికే ఆకు కెరోటిన్‌ను తయారు చేసుకుంటుంది. దుంపకు ఎండతో పని లేదు గనుక, పిండి పదార్థాన్నో చక్కెరనో దాచుకుని కూర్చుంటుంది. నారింజ రంగు క్యారెట్, నారింజ కండ గల చిలగడదుంప వంటివి మినహాయింపులు. వాటిని మనిషి ఎంపిక చేసి నిలబెట్టుకున్నాడు.

ఇంతవరకు ఆకుకూరలదే పైచేయి. అయితే పట్టిక కూడా శిలాశాసనం కాదు. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్ వెలువరించిన ‘న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్’లో లేత తోటకూరకు ఇనుము 25.5 మిల్లీగ్రాములుగా ఉన్నది. 1989లో సవరించిన ముద్రణలో అదే తోటకూర 3.49కి దిగింది. పాలకూర 10.9 నుంచి 1.14కు, మెంతికూర 16.5 నుంచి 1.93కు, మునగాకు 7.0 నుంచి 0.85కు దిగాయి. మొక్కలు మారలేదు. నేలకు అతి దగ్గరగా పెరిగే ఆకుపై అంటుకున్న మన్ను, దుమ్ములలోని ఇనుము కూడా పాత విశ్లేషణలలో ఆకు ఖాతాలో పడింది. 2017 నాటి భారతీయ ఆహార సంఘటన పట్టికలో, 528 పదార్థాలను కొత్తగా విశ్లేషించినపుడు, పచ్చ తోటకూర సుమారు 4.6 వద్ద, పాలకూర సుమారు 3 వద్ద నిలిచాయి. పాలకూర విషయంలో ఎవరో శాస్త్రవేత్త దశాంశ బిందువును తప్పుగా పెట్టినందువల్ల ఇనుము పది రెట్లు పెరిగిందన్న కథ మన తరగతి గదులలో కూడా వినిపిస్తుంది. ఆ కథకు ఆధారం దొరకలేదని తరువాతి పరిశీలకులు తేల్చారు. మన దుమ్ము కథ అంత చమత్కారంగా లేకపోయినా నిజం.

ఈ సవరణ వయసు మూడు దశాబ్దాలు దాటింది. అయినా గోడపత్రికల మీద, పాఠ్యపుస్తకాలలో, కొన్ని విస్తరణ కరపత్రాలలో పాత అంకె నీడ ఇంకా కదులుతూనే ఉన్నది. దాని పర్యవసానం చిన్నది కాదు. 2020లో భారత వైద్య పరిశోధన మండలి సవరించిన ప్రమాణాల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాత అంకె నమ్మితే వంద గ్రాముల తోటకూరతో ఆ అవసరం దాదాపు తీరిపోయినట్లే. సవరించిన అంకె ప్రకారం తీరేది ఎనిమిదవ వంతు. అందులోనూ ఒంటికి పట్టేది నూటికి ఎనిమిది పాళ్ళు అనుకుంటే, రక్తంలో చేరేది 0.28 మిల్లీగ్రాములు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతానికి, ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లలలో 70 శాతానికి రక్తహీనత కనబడింది. ఇటువంటి చోట గర్భిణికి ‘తోటకూర తింటే చాలు, రక్తం పడుతుంది’ అని చెప్పడం ఆమె ఇనుము మాత్రను పక్కన పెట్టడానికి దోహదం చేస్తుంది. ఆకుకూరలను ప్రేమించేవారే ఈ మాట ముందుగా చెప్పవలసి ఉన్నది.

కాల్షియం సంగతి కూడా ఇటువంటిదే. పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలి కూరలలో ఆక్సలేట్ ఎక్కువ. అది కాల్షియాన్ని పట్టుకుని వదలదు. 1988లో హీనీ బృందం పోల్చి చూసినపుడు పాల కాల్షియంలో నూటికి 27 పాళ్ళు శోషణ చెందితే, పాలకూర కాల్షియంలో అయిదు పాళ్ళే చెందింది. మెంతికూర, మునగాకులలో ఆక్సలేట్ చాలా తక్కువ గనుక వాటి కాల్షియాన్ని ఎక్కువ నమ్మవచ్చు. దుంపలలో చేమ, కంద కూడా ఈ దోషానికి అతీతం కావు. నాలుకకు తగిలే దురద కాల్షియం ఆక్సలేట్ సూదులదే. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకన్నారు గాని, వండేవారి చేతులకు మాత్రం తప్పదు. మన పెద్దలు వాటిని చింతపండు పులుసులో ఉడికించడం వెనుక అనుభవం ఉన్నది.

మరి ఆకుకూరల గొప్ప ఎక్కడ మిగిలింది? ఫోలేట్, విటమిన్ సి, కెరోటిన్ – ఈ మూడింటిలో. వీటిలో కెరోటిన్‌పై చాలాకాలం వివాదం నడిచింది. 1995లో ఇండోనేషియాలో డి పీ బృందం పాలిచ్చే తల్లులకు ముదురాకుపచ్చ కూరలు పెట్టి చూస్తే విటమిన్ ఎ స్థాయి ఆశించినట్లు మెరుగు పడలేదు. ఆకు కణాలలో బిగిసి ఉన్న కెరోటిన్ అంత సులభంగా బయటికి రాదని అప్పుడు అర్థమైంది. ఒక పాలు విటమిన్ ఎ కోసం ఆరు పాళ్ళ బీటా కెరోటిన్ చాలునన్న పాత లెక్కను 2001లో అమెరికా వైద్య సంస్థ పన్నెండుకు పెంచింది. ఆ తరువాత 2004లో హాస్కెల్ బృందం బంగ్లాదేశ్‌లో చేసిన ప్రయోగం మన చర్చకు నేరుగా సంబంధించినది. అక్కడ పురుషులకు అరవై రోజుల పాటు ఒక జట్టుకు బచ్చలి, మరొక జట్టుకు చిలగడదుంప పెట్టి, దేహంలోని విటమిన్ ఎ నిల్వను కొలిచారు. రెండింటివల్లా నిల్వ పెరిగింది. మార్పిడి నిష్పత్తి బచ్చలికి సుమారు పది పాళ్ళకు ఒకటి, చిలగడదుంపకు పదమూడు పాళ్ళకు ఒకటి. ఆకు, దుంప ఒకే బరిలో దిగిన అరుదైన సందర్భమిది. రెండూ దాదాపు సమంగా నిలిచాయి. వండే తీరులో ఒక చెంచా నూనె పోపు, ఆకును మెత్తగా ఉడికించడం కెరోటిన్‌కు తోడ్పడతాయి. పుంటికూర పప్పు, మెంతికూర పప్పు చేసే ఇంట్లో ఈ సలహా చెప్పనవసరం లేదు.

దుంపల పక్షాన చెప్పవలసినది కూడా తక్కువేమీ లేదు. చిలగడదుంప – మన వైపు మొరంగడ్డ అంటాము – వంద గ్రాములకు 120 కిలో కేలరీల శక్తి ఇస్తుంది; తోటకూర ఇచ్చేది 45. కూలికి వెళ్ళి వచ్చిన మనిషి ఆకలి ఆకుతో తీరదు. దుంప నిలువ ఉంటుంది, బస్తాలో ప్రయాణం చేస్తుంది, ధర పడిపోయినపుడు వారం రోజులు ఆగగలదు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ రూపొందించిన ‘భూ సోన’ రకంలో వంద గ్రాములకు 14 మిల్లీగ్రాముల వరకు బీటా కెరోటిన్ ఉన్నది. ఆఫ్రికాలో నారింజ కండ చిలగడదుంపను పేదల కంచాలలోకి తెచ్చినందుకు మరియా ఆండ్రేడ్, రాబర్ట్ ముంగా, జాన్ లోలకు, జీవ పోషక సంవర్ధనానికి మార్గం వేసిన హోవార్త్ బూయిస్‌తో కలిపి, 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. దుంప అంటే ఒట్టి పిండి అన్న చులకన భావం ఇక తగదు.

ఇప్పుడు నేను మొదట ప్రస్తావించిన తొలి అంకెకు వస్తాను. సస్య విజ్ఞాన శాస్త్రవేత్తకు వంద గ్రాములు ప్రమాణం కాజాలదు. ఎకరం, రోజు – ఇవే మన ప్రమాణాలు. ఒక ఊహాత్మక లెక్క వేసి చూద్దాము. ఎకరానికి 4 టన్నుల తోటకూర 30 రోజులలో వచ్చిందనుకుందాము. వేళ్ళు, ముదురు కాడలు పోగా తినదగినది సగం, అంటే రోజుకు 67 కిలోలు. ఎకరానికి 8 టన్నుల చిలగడదుంప 110 రోజులలో వచ్చిందనుకుంటే రోజుకు 73 కిలోలు. శక్తి లెక్కన తోటకూర మడి రోజుకు సుమారు 30 వేల కిలో కేలరీలు ఇస్తే, చిలగడదుంప మడి 87 వేలు దాటిస్తుంది. రోజుకు రెండు వేల చొప్పున అది 43 మందికి సరిపోతుంది, తోటకూర 15 మందికి. ఇనుము దగ్గర కథ తిరగబడుతుంది. 1989 నాటి సవరించిన అంకెలతో లెక్కించినా తోటకూర మడి రోజుకు 2.3 గ్రాముల ఇనుము ఇస్తుంది, చిలగడదుంప మడి 0.15 గ్రాములు. శోషణ సంగతి పక్కన పెడితే, ఒకటి 80 మంది స్త్రీల రోజువారీ అవసరానికి సమానం, మరొకటి అయిదుగురిది. విటమిన్ సి 66 గ్రాములకు ఎదురుగా 17 గ్రాములు.

ఇవి ప్రయోగ ఫలితాలు కావని, దిగుబడులు మారితే అంకెలు మారుతాయని వేరుగా చెప్పనక్కరలేదు. నా అభిప్రాయానికి ఆధారం వాటి దిశ. ఆకలి తీర్చడానికి నేల కావాలంటే దుంప వేయాలి. సూక్ష్మపోషకాలకు నేల కావాలంటే ఆకు వేయాలి. హైదరాబాద్ వంటి నగరానికి శక్తి కొరత లేదు. బియ్యం, గోధుమ, నూనె, చక్కెర దేశం నలుమూలల నుంచి వస్తున్నాయి. కొరత ఉన్నది రెండవ దానికే.

ఇక దూరం. బోయిన్‌పల్లి టోకు మార్కెట్‌కు ఆలుగడ్డ ఆగ్రా నుంచి లారీలలో వచ్చినా దాని గుణం చెడదు. క్యారెట్ మన మైదానాలలో చలికాలపు పంట. మిగిలిన కాలంలో కర్ణాటక నుంచి, నీలగిరుల నుంచి వస్తుంది, ఫరవాలేదు. తోటకూర కట్ట అలా రాలేదు. కోసిన ఆకు ఇంకా శ్వాసిస్తూనే ఉంటుంది. తన నిల్వలను తానే ఖర్చు చేసుకుంటుంది. 2004 ప్రాంతంలో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జరిగిన అధ్యయనంలో పాలకూర 4 డిగ్రీల చల్లదనంలో ఎనిమిది రోజులకు కోల్పోయిన ఫోలేట్‌ను – దాదాపు సగం – 20 డిగ్రీల వద్ద నాలుగు రోజులకే కోల్పోయింది. మన ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు. తోపుడు బండి మీద తడి గోనె కింద ఉన్న కట్ట ఎంత నష్టపోతుందో ఊహించుకోవచ్చు. విటమిన్ సి ఫోలేట్ కంటే ముందే తరిగిపోతుంది. కనుక ‘తోటకూరలో విటమిన్ సి 99 మిల్లీగ్రాములు’ అన్న వాక్యం పొలం గట్టు మీద నిజం. వంటింటికి చేరేసరికి ఎంత నిజమన్నది ఆ పొలం ఎంత దూరంలో ఉన్నదన్న దాని మీద ఆధారపడుతుంది. ఆకుకూర పోషక విలువలో భౌగోళికం ఒక భాగం. దుంపకు ఆ చిక్కు లేదు.

ఈ దృష్టితో నగర ఉత్తర శివారును చూడాలి. ఎర్ర చల్కా నేలలు, రాతి పొరలలోని బోరు నీరు, చిన్న చిన్న మడులు – ఈ ప్రాంతపు పాలకూర, కొత్తిమీర, పుదీన, పుంటికూర తెల్లవారుజామున బయలుదేరితే పొద్దెక్కకముందే నగరంలో ఉంటాయి. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్ల వ్యవస్థ ఇటువంటి దగ్గరి రైతును దృష్టిలో పెట్టుకున్నదే. ఈ ఇరవై ఏళ్ళలో ఆ మడుల మధ్యకు 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి వచ్చింది, కళాశాలలు వచ్చాయి, సాంకేతిక సంస్థల ప్రాంగణాలు వచ్చాయి, బహదూర్‌పల్లి 2018లో దుండిగల్ పురపాలక సంఘంలో చేరింది. నగరానికి పడమట జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలకు 1996 నాటి 111వ ఉత్తర్వు, లక్ష్యం తాగునీరే అయినా, పొలాలకు కొంత కంచె కట్టింది. ఉత్తరానికి అటువంటిది ఏదీ లేదు.

ఇక్కడ ఒక విషయాన్ని నా సహచరులు తరచు గమనించరని నా ఫిర్యాదు. ఈ ప్రాంతంలో ఆకుకూరలు విస్తరించడానికి పోషక స్పృహ కారణం కాదు, కౌలు స్వభావం కారణం. ప్లాటుగా మారేందుకు ఎదురుచూస్తున్న భూమిని యజమాని ఏడాదికి కూడా రాసి ఇవ్వడు. ఎప్పుడు ఖాళీ చేయమంటే అప్పుడు చేయాలి. అటువంటి నేలలో ఎనిమిది నెలల కంద, అయిదారు నెలల చేమ ఎవరు వేస్తారు? మూడు నెలల క్యారెట్ కూడా సాహసమే. ఇరవై అయిదు రోజుల మెంతి, ముప్పై రోజుల తోటకూర మాత్రమే ఆ అనిశ్చితిని తట్టుకుంటాయి. నగరానికి అత్యవసరమైన పంట, నగరం మింగబోయే భూమిలో, హక్కు పత్రం లేని మనిషి చేతిలో పండుతున్నది. కౌలుదారుకు పెట్టుబడి రుణం దొరకదు, నష్ట పరిహారం దొరకదు. నేలకు పశువుల ఎరువు తోలడానికి అతనికి కారణమూ లేదు. తోలిన ఎరువు ఫలితం అందేలోగా హద్దు రాళ్ళు పడతాయి. కనుక యూరియా చల్లుతాడు.

ఆకుకూరలను నగరం పక్కనే పండించాలన్న నా వాదానికి బలమైన అభ్యంతరం ఇక్కడే పుడుతుంది, దానిని దాటవేయకూడదు. నగరం పక్కన నేల శుభ్రంగా ఉండదు. ఉత్తర శివారుకు జీడిమెట్ల, పడమటి కొసకు పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామిక వాడలున్నాయి. నక్కవాగు కలుషితమైన చరిత్ర అందరికీ తెలిసినదే. మూసీ దిగువన మురుగునీటితో పండే గడ్డి, ఆకుకూరల పైన చాలా పరిశోధన జరిగింది. కాడ్మియం వంటి చలనశీల లోహాలు వేరు నుంచి ఆకుకు సులభంగా ఎక్కుతాయి. సీసం ఎక్కువగా వేరు దగ్గరే ఆగిపోతుంది గాని, రహదారి దుమ్ముతో ఆకు మీద నేరుగా పడుతుంది. కాబట్టి ఆకుకు రెండు దారులలోనూ ప్రమాదం ఉన్నది. దుంపకు మట్టి కడిగి, తొక్క తీసే వీలుంది. నత్రజని అధికమైతే నైట్రేట్ పేరుకునేది కూడా ముఖ్యంగా ఆకులోనే, దుంపలలో బీట్‌రూట్ మినహా. పురుగు మందుల సంగతి మరింత చిక్కైనది. చల్లే చోటే తినే చోటు. ఇరవై అయిదు రోజుల పంటలో ఇరవయ్యవ రోజున మందు కొట్టి ఇరవై మూడవ రోజున కోస్తే, వేచి ఉండవలసిన కాలమన్న మాటకు అర్థం లేదు. పైగా ఆకుకూరలపై వాడకానికి అధికారిక సిఫారసు ఉన్న మందులు చాలా కొద్ది. మిగిలినవన్నీ టమాట, మిరపల నుంచి అరువు తెచ్చుకున్న అలవాట్లు.

ఈ అభ్యంతరానికి విరుగుడు ఆకుకూరలను మరింత దూరం పంపడంలో లేదు. అలా చేస్తే శుభ్రమైన ఆకు వస్తుంది గాని పోషకం దారిలో పోతుంది. నీటినీ నేలనూ పరీక్షించి, అనువైన సర్వే నంబర్లను ఆకుకూరల క్షేత్రాలుగా గుర్తించి, అక్కడి సాగుదారుకు కనీసం మూడేళ్ళ రాతపూర్వక కౌలు కల్పించాలి. మూడేళ్ళ భరోసా ఉన్న మనిషి పశువుల ఎరువు వేస్తాడు, పురుగు వలలు కడతాడు, మందుకు బదులు వేపగింజల కషాయం గురించి వింటాడు. భూమి ధర కోట్లలో ఉన్నచోట ఇది జరిగే పనేనా అని నవ్వేవారున్నారు. ఉద్యానవనాలకు, ఖాళీ స్థలాలకు ప్రతి లేఅవుట్‌లోనూ స్థలం వదలాలని చట్టం అడుగుతూనే ఉన్నది. ఆ వదిలిన స్థలాలలో మనం అలంకార మొక్కలు నాటుతున్నాము. మునగ, కరివేపాకు, బచ్చలి పందిరి అక్కడ ఎందుకు నిషిద్ధమో నాకు బోధపడదు.

కొనుగోలు వైపు కూడా ఒక దారి సిద్ధంగా ఉన్నది. 2015 జనవరి 1న మొదలైన ‘ఆరోగ్య లక్ష్మి’ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజుకు ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు; గుడ్డు, పాలతో పాటు పప్పు, కూర అందులో భాగం. మేడ్చల్, శామీర్‌పేట మండలాల అంగన్‌వాడీలు ఆకుకూరను టోకు మార్కెట్ చుట్టూ తిరిగి వచ్చిన కట్టగా కాక, ఆ ఊరి మడి నుంచి ఆ ఉదయమే కొనేలా ఒప్పందం చేసుకోవడానికి కొత్త పథకమేదీ అక్కరలేదు. పప్పులో నిమ్మరసమో టమాటయో ఉంటే ఇనుము శోషణ పెరుగుతుంది. భోజనం వెంటనే చాయ తాగితే తగ్గుతుంది. ఈ రెండు మాటలు, ఇనుము మాత్ర మానవద్దన్న మూడవ మాట – గోడమీది పెద్ద పట్టిక కంటే ఇవే ఎక్కువ పని చేస్తాయి. బాలింతకు, చంటి పిల్లకు ఆకుకూర అరగదన్న పాత నమ్మకాన్ని కదిలించే పని కూడా ఉపాధ్యాయిని వంటగదిలోనే జరగాలి, మన వేదికల మీద కాదు.

ప్రతి మార్కెట్‌లో పారబోసే ఆకు గురించి ఒక మాట చెప్పాలి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థంతో, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిలో, సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తయారవుతున్నది. ఇది ప్రశంసించదగిన పని. అయినా ముల్లంగి, బీట్‌రూట్ ఆకులను వ్యర్థమని పిలవడానికి నాకు మనసొప్పదు. పాత పట్టిక ప్రకారం వంద గ్రాముల బీట్‌రూట్ దుంపలో కాల్షియం 18 మిల్లీగ్రాములు, దాని ఆకులో 380. ఆక్సలేట్ కోత పోయినా ఆకులోని 5,862 మైక్రోగ్రాముల కెరోటిన్ మిగులుతుంది. దుంపను ఆకుతో సహా అమ్మితే త్వరగా మెత్తబడుతుందని వ్యాపారి ఆకు తెంపి పారేస్తాడు. దూరపు సరుకు విషయంలో అతని మాట సరైనదే. దగ్గరి పొలం నుంచి వచ్చే ముల్లంగికి అది వర్తించదు. నలభై, నలభై అయిదు రోజులలో వచ్చే ముల్లంగి శివారు కౌలుదారుకు అందుబాటులో ఉన్న ఏకైక దుంప. ఆకుతో అమ్ముడైతే ఒకే మడి నుంచి ఆకుకూర, దుంపకూర రెండూ నగరానికి చేరతాయి.

మన విశ్వవిద్యాలయాలలో అగ్రానమీ ఒక భవనంలో, ఉద్యాన శాస్త్రం మరొక ప్రాంగణంలో, ఆహార పోషణ శాస్త్రం వేరొక కళాశాలలో ఉన్నాయి. మొదటి ఇద్దరు హెక్టారుకు టన్నులు కొలుస్తారు, మూడవవారు వంద గ్రాములకు మిల్లీగ్రాములు కొలుస్తారు. ఎకరా–రోజుకు కంచం చేరిన మిల్లీగ్రాములను కొలిచే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. కోసిన గంటకు, ఆరు గంటలకు, ఇరవై నాలుగు గంటలకు అదే కట్ట నుంచి నమూనా తీసి విశ్లేషించడం స్నాతకోత్తర విద్యార్థి ఒక్కరు ఒక్క వేసవిలో చేయగల పని. ముల్లంగి రకాల పరీక్షలలో మనం గడ్డ పొడవు, చుట్టుకొలత, బరువు నమోదు చేస్తాము. ఆకు బరువు కూడా నమోదు చేస్తాము గాని దానిని ‘ఆర్థిక దిగుబడి’ గడిలోకి రానివ్వము. వచ్చే రబీ ప్రయోగాల పుస్తకంలో ఆ అంకెను పక్క గడిలోకి జరపమని శాఖా సమావేశంలో ప్రతిపాదించబోతున్నాను.